గువ్వ తప్పిందంటే తప్పు తుపాకీది కాదు

సెప్టెంబరు 1 వచ్చిందంటే టెక్సాస్ ఉత్తర, మధ్య జోన్లలో గువ్వల వేట మొదలు. డల్లాస్, ఆస్టిన్ వైపు మనవాళ్లు కూడా ఆఫీసు స్నేహితులతో కలిసి పొద్దుతిరుగుడు చేల దగ్గర కాపు కాస్తున్నారు. వేట మంచిదా, చెడ్డదా అన్న వాదన ఇక్కడ పెట్టుకోను. నా బాధల్లా ఒకటే. తుపాకీకి వెయ్యి డాలర్లు పోసినవాళ్లు దాన్ని ఎత్తడం నేర్చుకోవడానికి వారం రోజులు కూడా పెట్టడం లేదు. సగం దెబ్బ తిన్న గువ్వ ఏ పొదలోనో పడి నానా యాతనా పడి చస్తుంది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచినప్పటి నుంచి షూటింగ్ అంటే ఊపిరి బిగబట్టి గురి చూడటమేనని మనకు ముద్ర పడిపోయింది. షాట్‌గన్ సంగతి వేరు. దీనికి వెనక సైట్ ఉండదు, ఆ పని మన కన్నే చెయ్యాలి. కన్ను ప్రతిసారీ ఒకే చోట ఉండాలంటే చెంప ప్రతిసారీ స్టాక్ మీద ఒకే చోట ఆనాలి. అసలు కిటుకంతా ఇదే.

చాలామంది ముందు భుజానికి ఆనించి, తర్వాత తల వంచుతారు. తల కదిలిందా, చూపు పిట్ట మీద నుంచి జారిపోతుంది. బరువు ముందు కాలి మీద వేసి, రెండు కళ్లూ తెరిచి పిట్టనే చూస్తూ, ముందు చెయ్యి గొట్టాన్ని అటువైపు తోస్తుంటే స్టాక్ చెంపకు రావాలి. భుజం కాస్త ముందుకొచ్చి దాన్ని అందుకోవాలి. గొట్టం చివరి పూస వంక చూశారో, చెయ్యి ఆగిపోతుంది, దెబ్బ పిట్ట వెనక పోతుంది.

ఇది ఇంట్లోనే సాధన చెయ్యొచ్చు. ఛాంబరు ఖాళీ అని రెండుసార్లు చూసుకోండి. తూటాలు వేరే గదిలో ఉండాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు. గొట్టం మూతిలో సన్న టార్చిలైటు బిగించి, గోడా సీలింగూ కలిసే గీత వెంట వెలుగు నడుపుతూ మెల్లగా ఎత్తండి. రోజుకు పది నిమిషాలు చాలు. స్టాక్ చంకలో తగులుకుంటుంటే అది మీ చేతులకు పొడవన్నమాట. ఆరడుగుల దొరల కొలతకు చేసింది మనకెలా సరిపోతుంది? గన్‌స్మిత్ దగ్గర తగ్గించుకోవాలి.

హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు ఇంకో మాట వినాలి. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాదారులు తుపాకీ ఉంచుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. టెక్సాస్‌లో ఏడాది లైసెన్స్ గడువు ఆగస్టు 31తో తీరిపోతుంది. అది చూసుకోకుండా సాధన కోసమని తుపాకీ ఇంట్లో పెట్టుకుంటే గువ్వ సంగతి దేవుడెరుగు, వీసాకే ముప్పు. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా తప్పనిసరి.

రోజుకు పదిహేను గువ్వలు కొట్టొచ్చన్నారు కదా అని పదిహేనూ ఆ పూటే రాలాలని లేదు. మొదటి ఏడాది దగ్గరికి వచ్చినవాటినే కొట్టండి. ఒకటి పడగానే ఆ చోటి నుంచి చూపు తిప్పకుండా వెళ్లి వెతికి తెచ్చుకోండి. రెండోదాని సంగతి తర్వాత.