గంగదేవిపల్లి పంచాయతీ

పిల్లలూ! కిందటి నెల రామప్ప గుడి సంగతి చెప్పుకున్నాం. ఈ నెల అంత పాతది కాని ఒక ఊరి కథ చెబుతాను. ఇందులో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక నీళ్ళ ట్యాంకు మాత్రం ఉన్నది.

వరంగల్ నుంచి నర్సంపేట పోయే దారిలో, గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి అనే చిన్న పల్లె ఉన్నది. 1994 వరకు దానికి సొంత పంచాయతీ లేదు. మచ్చాపూర్ పంచాయతీకింద శివారు పల్లెగా ఉండేది. శివారు పల్లె బతుకు ఎట్లా ఉంటుందో మీ తాతయ్యనడగండి. వీధిదీపం వేసినా, బావి తవ్వినా ముందు పెద్ద ఊరికే! పైగా ఆ పల్లెలో సారా తాగుడూ, తగవులూ తక్కువేమీ కావు. 1980లలో ఊరివాళ్ళే కూడబలుక్కుని సారా మాన్పించారు. ఇది చెప్పినంత సులువైన పని కాదు. తాగేవాడు పరాయివాడైతే గద్దించవచ్చు. సొంత తమ్ముడో, మేనమామో అయితే?

ఈలోగా దేశంలో ఒక పెద్ద మార్పు వచ్చింది. 1992లో పార్లమెంటు రాజ్యాంగానికి 73వ సవరణ చేసింది. అది 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. అయిదేళ్ళకొకసారి పంచాయతీ ఎన్నికలు జరిగితీరాలనీ, స్థానాలలో కనీసం మూడోవంతు స్త్రీలకుండాలనీ నియమం ఏర్పడింది. విడి పంచాయతీ అయిన గంగదేవిపల్లికి 1995లో తొలి ఎన్నిక వచ్చింది. చట్టం మూడోవంతు చాలునన్నది గదా, ఊరివాళ్ళేం చేశారో తెలుసా? సర్పంచి మొదలు వార్డు సభ్యులదాకా అందరూ స్త్రీలే ఉండేటట్టు ఎన్నుకున్నారు! బిందెలు మోసేది ఆడవాళ్ళే గనక నీళ్ళ కరువు వాళ్ళకు తెలిసినట్టు మరెవరికి తెలుస్తుంది?

ట్యాంకు కట్టుకోవటానికి ఊరివాళ్ళు తమవంతు చందాలు వేసుకున్నారు. బాలవికాస అనే సంస్థ సాయం చేసింది. ఇంటింటికీ కుళాయిలు వచ్చాయి. తన డబ్బు పెట్టినవాడు కుళాయి ఊరికే కారిపోతుంటే చూస్తూ ఊరుకుంటాడా? తరువాత తాగేనీటిని శుద్ధిచేసే యంత్రం కూడా పెట్టుకున్నారు.

అన్ని పనులూ సర్పంచి నెత్తిన వెయ్యకుండా కమిటీలు వేసుకోవటం ఆ ఊరి పద్ధతి. నీళ్ళకొక కమిటీ, పారిశుధ్యానికొకటి, ఆరోగ్యానికొకటి, చదువుకొకటి. ఆఖరికి కేబుల్ టీవీకి కూడా ఒక కమిటీ! నాకు అన్నిటికన్న అదే నచ్చింది. 2007లో ఆ ఊరికి కేంద్రప్రభుత్వం నిర్మల గ్రామ పురస్కారం ఇచ్చింది.

ఇటువంటి చిన్న పాలనలు పైదేశాలలోనూ ఉన్నాయి. అమెరికాలో 1785 నాటి చట్టం ప్రకారం నేలను ఆరేసి మైళ్ళ చదరాలుగా కొలిచి ‘టౌన్‌షిప్’లు చేశారు. మిన్నెసోటా రాష్ట్రపు టౌన్‌షిప్‌లలో ఏటా మార్చి నెల రెండో మంగళవారంనాడు ఓటర్లంతా ఒకచోట చేరి పన్నెంత వెయ్యాలో, బాటలకెంత ఖర్చుపెట్టాలో తేల్చుకుంటారు. మన గ్రామసభ వంటిదే అన్నమాట. అయితే తెలంగాణలో 2018 నాటి చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకొకసారి జరగాలి. మనం చెట్టుకింద కూర్చుని అయినా సభ జరుపుకోగలం. వాళ్ళకు మార్చిలో కూడా నేలమీద మంచుంటుంది గనక లోపల కూర్చోక తప్పదు.