నెత్తిచర్మం ఊడివస్తే

ముప్పయి యేండ్లు తెలుగు పాఠాలు చెప్పాను. భామాకలాపంలో తెర వెలుపలికి వ్రేలాడే సత్యభామ జడను గూర్చి ఎంతసేపైనా చెప్పేవాణ్ణి. యంత్రం దగ్గరికి వెళ్లేటప్పుడు జడను ముడివేసుకొమ్మని మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. ఇప్పుడది నన్ను బాధిస్తున్నది.

తిరిగే ఇరుసుకు జడ చుట్టుకొంటే నెత్తిచర్మం ఒక్కపెట్టున ఊడివస్తుంది. వేరొకచోటి పలుచని చర్మం తెచ్చి కప్పితే గాయం మానుతుందిగాని అక్కడ వెంట్రుక మొలవదు. ఊడినదానినే సూక్ష్మదర్శిని క్రింద, రక్తనాళాలు కుట్టి బ్రతికించిన వార్తను వైద్యులు 1976లో ప్రకటించారు. నెత్తిలోని నాళాలు ఒకదానితోనొకటి అల్లుకొని ఉంటాయి కనుక ఒక్క ధమని, ఒక్క సిర కలిసినా చర్మమంతా బ్రతకవచ్చునట!

1994లో లూథియానాలో అబ్రహాం థామస్ గారు, నూర్పిడి యంత్రంలో జడ చిక్కి ముఖంతో సహా ఊడిపోయిన తొమ్మిదేళ్ల బాలికకు దానిని తిరిగి అతికారు. లోకం వైద్యుని కొనియాడింది, కొనియాడవలసినదే. అయితే ఆ ముక్కలను సంచిలో వేసి తెచ్చిన ఇంటివారు లేకుంటే ఆయన సూదికి పనియేది?

కనుక ఇది పాఠ్యపుస్తకంలో ఉండవలసిన విషయమని నా అభిప్రాయం. తలకు శుభ్రమైన గుడ్డ అదిమి కట్టాలి. పసుపు, కాఫీపొడి అద్దరాదు. ఊడినదానిని తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచిని మంచుగడ్డలపై ఉంచాలి. చర్మానికి మంచు నేరుగా తగలరాదు.

అమెజాన్ పడవల ఇంజను ఇరుసులకు జడలు చిక్కి ఎందరో స్త్రీలు ఇట్లే గాయపడగా, వాటికి మూత తప్పనిసరి చేస్తూ బ్రెజిల్ 2009లో చట్టం చేసింది. మా ఊరి పిండిమర బెల్టుకు నేటికీ మూత లేదు. మొన్న అడిగితే, "గాలాడదు మాస్టారూ" అన్నాడు యజమాని.