డెంగ్యూ: జ్వరం తగ్గిందని రిలాక్స్ అవుతున్నారా? అసలు డేంజర్ టైమ్ అదే..

వానాకాలం వచ్చిందంటే తెలుగు రాష్ట్రాల్లో ప్రతి ఇంట్లో ఒకటే ప్రశ్న.. "ప్లేట్‌లెట్స్ ఎన్ని ఉన్నాయి?" రిపోర్ట్ వాట్సాప్‌లో చుట్టాలందరికీ వెళ్తుంది. ఎవరో ఒకరు బొప్పాయి ఆకు రసం తాగించమంటారు. డాక్టర్ నాడి పట్టుకుని చూశారా, పొట్ట నొక్కి చూశారా అని మాత్రం ఎవరూ అడగరు.

నిజానికి డెంగ్యూ ప్రాణం మీదకు తెచ్చేది ఎక్కువగా రక్తనాళాల్లోంచి ప్లాస్మా లీక్ అవడం వల్లే. ప్లేట్‌లెట్ నంబర్ ఒక్కటే చూస్తే ఇది దొరకదు. హెమటోక్రిట్‌తో పాటు పేషెంట్‌ను స్వయంగా పరీక్షించాల్సిందే.

సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య జ్వరం దిగుతుంది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. సరిగ్గా అప్పుడే, 24 నుంచి 48 గంటల పాటు ఈ లీకేజీ రిస్క్ ఉంటుంది. చేతులు, కాళ్లు చల్లబడతాయి. నాడి బలహీనంగా, వేగంగా కొట్టుకుంటుంది. గోరు నొక్కి వదిలితే మళ్లీ ఎర్రబడటానికి టైమ్ పడుతుంది. బీపీ విషయంలో చాలామంది ఇక్కడే పొరబడతారు. 100/85 అని వస్తే పై అంకె చూసి నార్మలే అనుకుంటారు. కానీ రెండు అంకెల మధ్య తేడా 15 మాత్రమే. ఈ గ్యాప్ 20 లేదా అంతకంటే తగ్గితే షాక్ మొదలవుతున్నట్టే!

పొట్ట నొక్కితే నొప్పి, లివర్ వాపు, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తుగా పడి ఉండటం.. ఇవన్నీ డబ్ల్యూహెచ్‌వో 2009లో చెప్పిన వార్నింగ్ సైన్స్.

బీపీ మెషీన్‌తోనే చేసే టూర్నికే టెస్ట్ కూడా ఉంది. పై, కింది బీపీలకు మధ్య ప్రెజర్‌లో పట్టీని 5 నిమిషాలు బిగించి ఉంచుతారు. చర్మంపై చదరపు అంగుళానికి 10 లేదా అంతకంటే ఎక్కువ ఎర్ర చుక్కలు వస్తే పాజిటివ్. ఖర్చు దాదాపు సున్నా. అయితే ఇది డెంగ్యూను ఖరారు చేయదు, నెగటివ్ వచ్చినా లేదని కాదు. కీళ్లు వాచిపోతే చికున్‌గున్యా అనుమానం కూడా ఉంటుంది.

మరి ప్లేట్‌లెట్స్ ఎక్కించడం? బ్లీడింగ్ లేకపోతే కౌంట్ 10 వేల కంటే పడిపోయినప్పుడే ఆలోచించాలని జాతీయ గైడ్‌లైన్స్ చెబుతున్నాయి. 60 వేలకే డోనర్ల కోసం పరుగులు పెట్టే కుటుంబాలు గమనించాల్సింది వేరే ఉంది.. పేషెంట్‌కు 4 నుంచి 6 గంటలుగా మూత్రం రాకపోతే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.