నిపుణులు చూసుకుంటారా?

చందాపురలో మన సంఘ యౌవనస్థులు చాలామంది ఇంజనీర్లే. అణ్వాయుధాల మాటెత్తితే, "అది నిపుణులు చూసుకుంటారు పాస్టరుగారూ" అంటారు.

నిపుణులు తమ వంతు చేశారు. బాంబు తయారీలో ఉన్న జోసెఫ్ రాట్‌బ్లాట్ మనస్సాక్షి ఒప్పక 1944లో బయటికొచ్చాడు. 1957లో కెనడాలోని పగ్‌వాష్ అనే పల్లెలో 22 మంది శాస్త్రవేత్తలు కూడారు. శత్రుదేశాల వాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. 1963 పాక్షిక పరీక్షల నిషేధ ఒప్పందానికి ఆ మాటలు దారి వేశాయి. 1995లో రాట్‌బ్లాట్‌కూ పగ్‌వాష్‌కూ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మన బెంగళూరులోనూ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌లో అణువిధానాన్ని అధ్యయనం చేసేవాళ్లున్నారు.

కాని నిపుణులు దారి మాత్రమే చూపగలరు. సంతకం పెట్టేది ప్రభుత్వం. ప్రభుత్వాన్ని అడగాల్సింది మనం.

కొన్ని దేశాలకే బాంబు హక్కు ఇస్తోందని, అది వివక్ష అని 1968 ఒప్పందాన్ని మన దేశం కాదంది. ఆ మాటలో న్యాయముంది. మరి అందరికీ సమానంగా బాంబును నిషేధించే ఒప్పందానికి 2017లో 122 దేశాలు ఓటేస్తే, మనం ఆ చర్చలకే ఎందుకు వెళ్లలేదు? ఈ ప్రశ్న ఏ సంఘం అడిగింది?

సమాధానపరచేవారు ధన్యులని ప్రభువు చెప్పింది నిపుణుల సభలో కాదు, కొండమీద సామాన్యులకు. యౌవనస్థులారా, ఆ ఒప్పందం చదవండి. మీ ఎంపీకి ఉత్తరం రాయండి. ఆదివారం శాంతికోసం ప్రార్థించి, సోమవారం నోరు మూసుకుంటే ఆ ఆమెన్‌కు అర్థం లేదు.