వీరగల్లు ఎవరికి వేయాలి?

2015 నవంబరు 26. కోళికోడ్ నగరంలో డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో ఇద్దరు కార్మికులు విషవాయువు పీల్చి పడిపోయారు. ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవాళ్లే. దగ్గర్లో టీ తాగుతున్న నౌషాద్ అనే ఆటో డ్రైవర్ కేకలు విని పరుగెత్తుకొచ్చాడు. వాళ్లెవరో అతనికి తెలియదు. అయినా దిగాడు. ముగ్గురిలో ఒక్కరూ బతకలేదు.

కేరళ ప్రభుత్వం అతని కుటుంబానికి 10 లక్షల రూపాయలు, భార్యకు ఉద్యోగం ప్రకటించింది. మలయాళీలు అతని కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు. నౌషాద్ ప్రాణమిచ్చింది తెలుగువాళ్ల కోసం. ఆ పేరు చెబితే తెలుగునాట ఎందరు గుర్తుపడతారు?

హీరో అనగానే తెలుగువారికి ముందు మెదిలేది సినిమా పోస్టరు. ఇంగ్లీషు ద్వారా మన నోళ్లలోకి వచ్చిన ఈ మాట పుట్టింది గ్రీకులో. ప్రాచీన గ్రీసులో సమాధి దగ్గర పూజలందుకునే మృతుణ్ని కూడా ఆ మాటతోనే పిలిచేవారు. అతను మంచివాడై ఉండాలన్న నియమం లేదు. క్లియోమెడిస్ అనే ముష్టియోధుడి కథే అందుకు సాక్ష్యం. ఒలింపిక్ బరిలో ప్రత్యర్థిని చంపినందుకు అతనికి విజయం దక్కకుండా చేశారు. మతి చలించి సొంత ద్వీపానికి తిరిగొచ్చి, ఒక బడి కప్పును మోస్తున్న స్తంభాన్ని లాగేశాడు. లోపల దాదాపు 60 మంది పిల్లలున్నారు. ఊరు తరిమితే గుడిలోని పెట్టెలో దూరి మాయమైపోయాడట. అతణ్ని వీరుడిగా కొలవమని డెల్ఫీ దేవవాణి చెప్పిందని యాత్రికుడు పౌసేనియస్ రాశాడు. అక్కడ లెక్కలోకి వచ్చింది శక్తి. ఆ శక్తి ఎవరికి మేలు చేసిందన్న ప్రశ్న తర్వాతి సంగతి.

మన నేల మీద ఆ ప్రశ్నకు రాతిలో చెక్కిన జవాబు ఉంది. రాయలసీమలో, పల్నాడులో, తెలంగాణలో పొలం గట్ల మీద, చెరువు కట్టల కింద వీరగల్లులు, అంటే వీరుల స్మారక శిలలు కనిపిస్తాయి. చాలావాటి మీద బొమ్మలు అంతస్తులుగా ఉంటాయి. అడుగున పోరాటం, నడుమ వీరుణ్ని మోసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం ముందు కూర్చున్న వీరుడు. రాజు కోసం చచ్చినవాళ్లకే ఈ రాళ్లు వేయలేదు. దొంగలు తోలుకుపోతున్న పశువుల మందను విడిపించబోయి చచ్చినవాడికీ, పులితో కలబడినవాడికీ, ఊరిని కాపాడుతూ నేలకొరిగినవాడికీ వేశారు. కన్నడ దేశంలో ఆతకూరులో 10వ శతాబ్దపు రాయి ఒకటి దొరికింది. అందులో అడవి పందితో పోరాడి చనిపోయిన కాళి అనే వేటకుక్క గురించి రాసి ఉంది. కుక్కకు కూడా ఆ గౌరవం దక్కిన సంప్రదాయమిది.

కారెంపూడి వీర్లగుడిని చూస్తే ఈ సంప్రదాయం నేటికీ సజీవంగానే ఉందని తెలుస్తుంది. 12వ శతాబ్దంలో అన్నదమ్ముల తగువుతో మొదలైన పల్నాటి యుద్ధంలో చనిపోయినవారిని ఏటా కార్తీకంలో అయిదు రోజులు కొలుస్తారు. ఆ ఉత్సవం రాచగావుతో మొదలై కళ్లిపాడుతో ముగుస్తుంది. నడుమ వచ్చే మందపోరు నాడు బ్రహ్మనాయుడి పేరు చెప్పి కులం తేడా లేకుండా చాపకూడు తింటారు. దళితుడైన కన్నమదాసు ఆ వీరుల్లో ఒకడు. దాదాపు అదే కాలంలో జపాన్‌లో యోషిత్సునే అనే యోధుణ్ని సవతి అన్నే వెంటాడి చావుకు గురిచేశాడు. జపనీయులకు నేటికీ గెలిచిన అన్నకంటే ఓడిన తమ్ముడంటేనే అభిమానం. ఓడినవాణ్ని గుండెకు హత్తుకోవడం పల్నాటికీ కొత్త కాదు.

కత్తి పట్టనివాళ్లకూ వీరగల్లు వేసిన నగరం ఒకటుంది. లండన్‌లోని పోస్ట్‌మెన్స్ పార్కులో చిత్రకారుడు జి.ఎఫ్. వాట్స్ 1900లో ఒక గోడ కట్టించాడు. పరుల ప్రాణం కాపాడబోయి పోయిన మామూలు మనుషుల పేర్లు అక్కడ పింగాణీ పలకల మీద ఉంటాయి. అందులో ఒకరు కూలివాడి కూతురు ఆలిస్ ఎయిర్స్. 1885లో ఇల్లు తగలబడుతుంటే ముగ్గురు పిల్లల్ని ఒక్కొక్కరిగా కిటికీలోంచి పరుపు మీదికి జారవిడిచి, చివరికి తాను పడి ప్రాణం విడిచింది. అమెరికాలో 1904 జనవరిలో హార్విక్ బొగ్గుగని పేలినప్పుడు లోపలివాళ్ల కోసం వెళ్లిన ఇద్దరు తిరిగిరాలేదు. వాళ్ల సాహసానికి కదిలిపోయిన ఆండ్రూ కార్నెగీ 50 లక్షల డాలర్లతో నిధి పెట్టాడు. అది పతకమిచ్చి చేతులు దులుపుకోదు, కుటుంబాన్నీ ఆదుకుంటుంది.

మన దేశంలోనూ జీవన్ రక్షా పదకాలున్నాయి. పద్మ పురస్కారాలకు పత్రికలు పేజీలు ఇస్తాయి. ఈ పదకాలు పొందినవారి పేర్లు మాత్రం లోపలి పేజీలో నాలుగు వరుసలతో సరిపెట్టుకోవాలి. ఇది పత్రికల తప్పు, పాఠకుల తప్పు కూడా.

అయితే నౌషాద్‌ను కీర్తించి ఊరుకోవడం కూడా తప్పే. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దించకూడదని 2013 చట్టం చెబుతోంది. అలాంటి చావులకు పరిహారం 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. చట్టం అమలైన చోట నౌషాద్ లాంటివాడు చావాల్సిన పని ఉండదు. అతని సాహసాన్ని పొగిడే నోరు, ఆ కార్మికుల్ని అలా దించినవాళ్లెవరని కూడా అడగాలి.

కోళికోడ్‌లో పోయిన ఆ ఇద్దరు కార్మికులు మనవాళ్లు. వాళ్ల కోసం దిగినవాడికి మనం బాకీ పడ్డాం. ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ నౌషాద్ కథను తెలుగు వాచకంలో పాఠంగా చేర్చాలి. ఆ పాఠంలోనే ఇద్దరు కార్మికుల పేర్లూ, వాళ్ల ఊళ్ల పేర్లూ ఉండాలి.