ఇంజన్లో నీళ్ళు పోయమని ఇంకెవరికీ చెప్పకండి

ఈసారి వ్యాకరణం లేదు, కొత్త మాటల పట్టిక కూడా లేదు. నాకు కోపంగా ఉంది. కోపాన్ని తెలుగులో రాయడం కూడా ప్రాక్టీసే కదా. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక చిట్కా ఏళ్ళ తరబడి తిరుగుతోంది. కారు ఇంజన్ లోపల మసి పట్టిందా? ఇంజన్ నడుస్తుండగా, గాలి పీల్చుకునే సన్నటి రబ్బరు గొట్టం ఒకటి ఊడదీసి, దాంట్లోంచి నీళ్ళు లోపలికి వదలండి. మసి అంతా పొగగొట్టంలోంచి వెళ్ళిపోతుంది. పైసా ఖర్చు లేదు. మీ ఇంట్లో కూడా ఏ పెదనాన్నో మామయ్యో ఈ మాట చెప్పే ఉంటారు.

ముందు న్యాయంగా మాట్లాడతాను. చిట్కా అబద్ధం కాదు. కాలిన పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్‌మని ఆవిరి లేచి, అంటుకున్న పిండి పెచ్చులుగా ఊడుతుంది, చూశారు కదా. పెట్రోలు మండే చోట కూడా అదే జరుగుతుంది. (ఇక్కడ మనం గ్యాస్ అంటాం. తెలుగులో పెట్రోలే అనాలని అమ్మ పట్టుదల.) నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు తీసుకుంటుంది. కాలుతున్న మసి మీద ఆ దెబ్బ పడితే అది పగిలి రాలుతుంది. హెడ్ గాస్కెట్ పోయి కూలెంట్ లోపలికి కారిన ఇంజన్ని విప్పితే, ఆ ఒక్క సిలిండర్లో పిస్టన్ తోమిన గిన్నెలా ఉంటుంది. లీకు ఎక్కడుందో మెకానిక్కులు దాన్ని చూసి పట్టేస్తారు.

మా పెదనాన్న మొదటి కారు 1984 ఓల్డ్స్‌మొబైల్. కార్బ్యురేటర్ బండి. తాళం తీసేశాక కూడా ఇంజన్ కాసేపు దడదడలాడేదట. లోపలి మసి నిప్పు కణికలా ఉండి పెట్రోలుని అంటించేది. ఆయన నీళ్ళు వదిలారు, ఆ దడ ఆగిపోయింది. ఆయన అనుభవాన్ని నేను కాదనను. ఆ చిట్కాని 2014 కారుకి చెప్పడమే నాకు కోపం.

ఆ కారు మా బాబాయి కొడుకుది. టర్బో ఉంది, డైరెక్ట్ ఇంజెక్షన్. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వణికేది. తమ్ముడికి తెలుగు రాదు కాబట్టి, పెదనాన్న పంపిన వాయిస్ మెసేజ్‌ని ఇంగ్లీషులోకి మార్చింది నేనే. కాస్త గర్వంగానే మార్చాను. ఆయన "బొట్టు బొట్టుగా వదలాలి" అన్నారు. నేను "కొంచెం కొంచెంగా" అనే అర్థం వచ్చేలా చెప్పాను. రెండూ ఒకటే అనుకున్నాను. తమ్ముడు గొట్టాన్ని నీళ్ళ సీసాలో ముంచాడు, తీశాడు, మళ్ళీ ముంచాడు. రెండోసారికి ఇంజన్ ఠక్కున ఆగిపోయింది. కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది.

లెక్క చూడండి. 2 లీటర్ల ఇంజన్, నాలుగు సిలిండర్లు, కంప్రెషన్ 10కి 1 అనుకుందాం. ఒక్కో సిలిండర్ 500 సీసీ. పిస్టన్ పైదాకా వచ్చాక మిగిలే చోటు సుమారు 55 సీసీ. అంటే నాలుగు టేబుల్ స్పూన్లు కూడా పట్టదు. గాలిని నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్ళు నొక్కుకోవు. అంతకు మించి నీళ్ళు ఒకే సిలిండర్లో చేరితే ఏదో ఒకటి వంగాలి. గొట్టమేమో స్ట్రాతో తాగినట్టు గుటకలు వేస్తుంది. "కొంచెం" అంటే ఎంతో దానికేం తెలుసు?

తప్పంతా నా అనువాదానిదే అని ఊరుకునేదాన్ని. కానీ ఇంజన్ విప్పాక తమ్ముడు ఫోటోలు పంపాడు. ఇంటేక్ వాల్వుల వెనక మసి ఎక్కడిదక్కడే ఉంది, నల్లగా, గడ్డలు గడ్డలుగా.

ఎందుకంటే అది వేరే మసి. అంతకు ముందరి ఇంజన్లలో పెట్రోలు వాల్వు వెనక పడి లోపలికి వెళ్ళేది. అమెరికాలో 1995 నుంచి పెట్రోల్లో డిటర్జెంట్ కలపాలని నియమం ఉంది, కాబట్టి ఆ వాల్వుకి రోజూ స్నానమే. డైరెక్ట్ ఇంజెక్షన్లో పెట్రోలు నేరుగా సిలిండర్లో పడుతుంది. వాల్వు వెనక్కి వచ్చేది నూనె ఆవిరి ఒక్కటే. అదే అక్కడ చేరి మాడి గడ్డకడుతుంది. ఇది పెనం మీద పిండి కాదండీ, మూకుడికి అట్టకట్టిన నూనె జిడ్డు. మూకుడు మీద నీళ్ళు చిలకరించి చూడండి ఏమవుతుందో. మా అమ్మమ్మ బూడిద, కొబ్బరి పీచు పట్టుకుని కూర్చునేది. మంచి షాపుల్లో చేసేది కూడా అలాంటిదే: ఇంటేక్ మానిఫోల్డ్ విప్పి, వాల్వు మూసి ఉంచి, అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి రుద్దుతారు. కొన్ని వందల డాలర్లు అవుతుంది. కొత్త ఇంజనుతో పోలిస్తే అదేం ఖర్చు? టొయోటా వాళ్ళయితే డీ-4ఎస్ పేరుతో రెండు చోట్లా ఇంజెక్టర్లు పెట్టారు. వాల్వుకి స్నానం మళ్ళీ మొదలైంది.

"యుద్ధ విమానాల ఇంజన్లలోకే నీళ్ళు కొట్టేవారు" అని బాబాయి వాదన. కొట్టేవారు, నిజమే. రెండో ప్రపంచ యుద్ధంలో నీళ్ళూ మిథనాలూ కలిపి కొట్టేవారు. 1962 ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌లో కూడా అలాంటిదే ఉంది. అది ఇంజన్ నాక్ కాకుండా, కొలిచి, సన్నటి తుంపరగా. మసి వదిలించడానికి కాదు, సీసాలోంచి కాదు. పైగా టర్బో ఉన్న కారులో మసి పెచ్చులు నిజంగా రాలాయే అనుకోండి, అవి వెళ్ళి తగిలేది టర్బైన్ రెక్కలకే.

మొన్న పెదనాన్న ఫోన్ చేశారు.

"నేను బొట్టు బొట్టు అన్నాను కదమ్మా."

"అన్నారు పెదనాన్నా, అక్కడ తప్పు నాదే. బొట్టు బొట్టుగా పోసినా ఆ వాల్వులు మాత్రం శుభ్రమయ్యేవి కావు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే గ్రూపులోంచి ఆ మెసేజ్ తీసేయమంటావా?" అన్నారు.

"తీసేయకండి. కింద 'డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లకి వద్దు' అని ఒక్క లైను రాయండి చాలు."

సరేనన్నారు. ఇంకా రాయలేదు. నేను రోజూ చూస్తున్నాను.