మా వీధి చైనీస్ హోటల్లో చైనా ఎక్కడ?

చైనా సరిహద్దులో వాతావరణం వేడెక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు నూడుల్స్ మీద యుద్ధం ప్రకటిస్తారు. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది ప్రాణాలు కోల్పోయారు. వాళ్లకు నాయకత్వం వహించిన కర్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆ వారం తెలంగాణలో కడుపు మండని ఇల్లు లేదు, అది న్యాయమైన కోపమే. కానీ చైనా వంటకాలు అమ్మే హోటళ్లను నిషేధించాలని కేంద్రమంత్రి రాందాస్ అథవాలె అన్నప్పుడు మాత్రం నాకు మల్కాజిగిరిలో మేం వెళ్లే హోటల్ కళ్లముందు మెదిలింది. దానికి తాళం పడితే బీజింగ్‌లో ఎవరికి నష్టం? యజమానిది భీమవరం. వంట మాస్టరుది డార్జిలింగ్ దగ్గర కొండ ఊరు. ఉల్లికాడలు తరిగే కుర్రాళ్లు అస్సాం నుంచి వచ్చారు. కోళ్లు మా వీధి చివర చికెన్ సెంటర్‌వి.

ఆదివారం రాత్రి నేను పొయ్యి వెలిగించను. మా అత్తగారితో సహా ఇంట్లో అందరూ ఒప్పుకున్న ఏర్పాటిది. పిల్లలు, మా ఆయన, అత్తగారు, మామయ్యగారు, ఊళ్లో ఉంటే మా మరిది, అందరం ఆ హోటల్‌కి నడిచే వెళ్తాం. సూప్ వన్ బై టూ. ఆ తర్వాత మొదలవుతుంది అసలు రగడ, మంచూరియా డ్రైనా, గ్రేవీనా అని. డ్రై చెప్తే అన్నంలోకి ఏముంటుందని మామయ్యగారు, గ్రేవీ చెప్తే మెత్తబడిపోతుందని పిల్లలు. చివరికి రెండూ వస్తాయి. రెండూ రావాలనే ఆ గొడవ అని నా అనుమానం.

మా అత్తగారు శాకాహారి. మాంసం తగిలిన కళాయిలో వండింది ముట్టరు. వంటగదికి అద్దం ఉంది కాబట్టి ఎప్పుడూ దానికి ఎదురుగా కూర్చుంటారు. మొదట్లో మాస్టరు కళాయి అందుకోగానే, "బాబూ, అది కాదు, ఆ పక్కది" అని ఇక్కణ్ణుంచే కేకేసేవారు. ఇప్పుడు ఆవిడ కోసం మాస్టరు ఒక కళాయి విడిగా కొక్కేనికి తగిలించి ఉంచాడు. దాని పేరు "అమ్మగారి కళాయి". మాస్టరు నేర్చిన కొద్దిపాటి తెలుగులో ఆ మాటొకటి.

ఈ హోటల్ అంటే నాకు ఇష్టం రుచి వల్ల మాత్రమే కాదు. ఇంట్లో మా అత్తగారు ఇప్పటికీ అందరికీ వడ్డించి, ఆఖర్న అడుగూ బొడుగూ ఊడ్చుకుని తింటారు. ఎంత చెప్పినా వినరు. ఇక్కడ ప్లేట్లన్నీ బల్ల మధ్యలోకి వస్తాయి. గరిటె తీసుకుని లేవబోతే సర్వర్ కుర్రాడు ఆపేస్తాడు. పొగలు కక్కే ఫ్రైడ్ రైస్ మొదటి ముద్ద ఆవిడ నోట్లోకి వెళ్లే చోటు నాకు తెలిసి ఊళ్లో ఇదొక్కటే. అందుకని ఎవరైనా ఈ తిండిని చులకన చేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చులకన చేసేవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా మరిది కంపెనీ పని మీద షాంఘై వెళ్లొచ్చాడు. "ఇదసలు చైనీసే కాదు వదినా. గోబీ మంచూరియా అంటే అక్కడ ఎవడికీ తెలీదు" అంటాడు. "తెలీకపోతే నష్టం వాళ్లదే" అన్నారు అత్తగారు, ఇంకో ముక్క వేసుకుంటూ.

మరిది చెప్పిందాంట్లో అబద్ధం లేదు. నెల్సన్ వాంగ్ అనే వంటవాడు 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో చికెన్ మంచూరియన్ కనిపెట్టానని చెప్పుకున్నాడు. మెనూలో లేనిదేదైనా చెయ్యమని ఎవరో అడిగారట. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనలాగే వేయించి, గరం మసాలా వేసే చోట సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచాడు. ఆయన పుట్టింది కలకత్తాలో, చైనా కుటుంబంలో. ఆ నగరంలో చైనీయులు వారన్ హేస్టింగ్స్ కాలం నుంచే ఉన్నారు. అప్పట్లో వచ్చి చక్కెర మిల్లు పెట్టిన టోంగ్ అచ్యూ పేరు మీదే అచ్చిపూర్ అనే ఊరు నేటికీ ఉంది. తర్వాత వచ్చినవాళ్లు టాంగ్రాలో తోళ్లు శుద్ధి చేశారు, హోటళ్లు నడిపారు. మన హోటల్ మెనూలో అపోలో ఫిష్, చికెన్ మెజెస్టిక్ కూడా చైనీస్ స్టార్టర్ల వరసలోనే ఉంటాయి. రెండూ హైదరాబాదువే, రెండింట్లోనూ కరివేపాకు ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చిందన్నదానికంటే ఎవరు వండి నిలబెట్టారన్నది నాకు ముఖ్యం.

నిలబెట్టినవాళ్లకు మనం ఏం చేశాం? 1962 యుద్ధం రాగానే అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్ ప్రాంతాల్లో ఉన్న చైనా సంతతివాళ్లను రైళ్లెక్కించి రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. దాదాపు మూడు వేల మంది. పిల్లలు, ముసలివాళ్లు, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. విచారణ లేదు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. తిరిగొచ్చేసరికి ఇళ్లూ వ్యాపారాలూ చేతులు మారిపోయాయి. చాలామంది దేశమే వదిలి కెనడా దారి పట్టారు. మా పిల్లల సోషల్ పుస్తకంలో వెతికాను, యుద్ధం ఉంది, దేవ్‌లీ లేదు.

అజినమోటో సంగతి రాయకపోతే, అదంటే భయపడే మామయ్యగారు ఊరుకోరు. అది జపాన్‌వాళ్లది. 1908లో ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచు నుంచి తీశాడు. మామయ్యగారు లొట్టలేస్తూ తినే టమాటా పప్పులోనూ అందులో ఉండే గ్లుటమేటే ఉంది. భయపడాలంటే ఎర్రరంగుకి భయపడమంటాను. గోబీ మంచూరియాలో హానికరమైన కృత్రిమ రంగులు దొరికాయని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో వాటి మీద నిషేధం పెట్టింది. నిషేధమంటే అలా ఉండాలి.

మొన్నామధ్య పక్క బల్ల దగ్గర నలుగురు కుర్రాళ్లు కూర్చున్నారు. చదువుకున్నవాళ్లే, మెడలో కంపెనీ ట్యాగులు. "ఏయ్ చైనా, వాటర్!" అని అరిచారు. సర్వర్ కుర్రాడిది మాస్టరుగారి ఊరే. "మాది డార్జిలింగ్ భయ్యా" అన్నాడు నవ్వుతూ. "అయితే కరోనా నువ్వు తేలేదన్నమాట" అని నలుగురూ పడీపడీ నవ్వారు. 2014లో ఢిల్లీలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నీడో తానియా ప్రాణం పోయిన గొడవ కూడా అతని జుట్టును గేలి చెయ్యడంతోనే మొదలైంది. ఆ తర్వాత కేంద్రం వేసిన బెజ్‌బరువా కమిటీ ఈశాన్యంవాళ్లను ఇలా జాతి పేరుతో దూషిస్తే శిక్షించాలని సిఫార్సు చేసింది. ఆ సంగతి ఈ నలుగురికి ఎవరు చెప్తారు?

భీమవరం ఆయన చెప్పారు. గల్లా పెట్టె దగ్గర నుంచి లేచొచ్చి, "మీరు తాగిన సూప్‌కి డబ్బులొద్దు బాబూ, బయలుదేరండి" అన్నారు. గొంతు పెంచలేదు. వాళ్లు కాసేపు గింజుకుని, ఫోన్లు తీసి, గుమ్మం దాటకముందే హోటల్‌కి ఒక్కో స్టార్ రేటింగ్ కొట్టారు. మా పిల్లలు అక్కడికక్కడే అయిదేసి స్టార్లు ఇచ్చారు. అత్తగారి ఫోన్ నుంచి కూడా ఇప్పించాం. అయినా సగటు కొంచెం తగ్గింది. అలాంటి యజమాని హోటల్‌కి అది తక్కువ రేటింగ్ అని నేననుకోను.